కత్తి మీద జమ్మి

దసరా పూజలో కత్తి మీద జమ్మి ఆకు పెట్టి యాదగిరి వంగబోతుంటే రాజీవ్ ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"ఆ కత్తికి మొక్కకు మామా."

"ఏంది పటేలా, ఏటా మొక్కేదే గద."

1858లో, సిపాయిల తిరుగుబాటు యుద్ధంలో, తెల్లవాళ్ల పక్షాన సిపాయిలను నడిపిన ఇరవై రెండేళ్ల జమేదారుది ఆ కత్తి. ఆయన రాజీవ్ ముత్తాతకు తండ్రి. ఆయన వెంట సిపాయిగా వెళ్లిన యాదగిరి పూర్వీకుణ్ణి శత్రువులు చంపారని మొగుళ్లపల్లిలో అందరూ చెప్పుకుంటారు. అటక మీద దొరికిన జమేదారు ఉత్తరాన్ని రాజీవ్ మొన్ననే ఉర్దూ సారుతో చదివించుకున్నాడు.

"శత్రువులు గాదు మామా. తిరగబడ్డోళ్ల మీద తుపాకి కాల్చనన్నడని మావోడే నరికిండు. గీ కత్తితోనే."

యాదగిరి ఉలిక్కిపడలేదు.

"ఎరికే పటేలా. వాపస్ వచ్చిన సిపాయి అప్పుడే మా ముసలవ్వకు చెప్పిండట."

"మరెందుకు మొక్కుతరు?"

"మేం మొక్కేది కత్తికి గాదు. దాని మీద మావోని నెత్తురున్నది. ఆయనకు సమాధి ఏడున్నది మాకు?"

రాజీవ్ చెయ్యి వదిలేశాడు.

నిన్న సాయంత్రం ఇటుక పొడి పెట్టి, ఒక్క మరక లేకుండా ఆ కత్తిని తోమింది తనే. ఏటా తోమేది తన ఇంటివాళ్లే.