నాన్న చెవి

హమమత్సు నగరంలో ఇంటిని ఆనుకునే ఉన్న షెడ్డులో షిగేజో పాతకాలం కారు ఇంజను మీదికి వంగి, నిప్పురవ్వ పడే సమయాన్ని సరిచేసే డిస్ట్రిబ్యూటర్‌ని రవ్వంత తిప్పాడు.

"సరిపోయింది. టైమింగ్ చూసే లైటెందుకు, నా చెవి చాలు."

పొగగొట్టం టపటపా పేలుతూనే ఉంది.

"నాన్నా, ఆ చప్పుడు వినపడట్లేదా?" వెనకనుంచి అడిగింది కూతురు చిహారు. ఆయన తిరగలేదు.

ఎదురుగా వెళ్లి మళ్లీ అడిగింది. ఆమె పెదాలు చూసి ఆయన తల దించుకున్నాడు.

"వినపడక ఎన్నాళ్లయింది?" ఆయన తలెత్తాక అడిగింది.

"ఐదేళ్లు."

నిరుడు అమ్మ వంటింట్లో కూలబడి పిలుస్తుంటే పక్కింటావిడకి వినపడింది. ఆవిడ వచ్చేసరికే ఆలస్యమైపోయింది. నాన్న మాత్రం ఈ షెడ్డులోంచి కదల్లేదు. అప్పట్నుంచీ చిహారు ఆయనతో ముభావంగానే ఉంటోంది.

"అమ్మకి తెలుసా?" అంది.

"చెప్పలేదు. నాకు వినపడుతుందనుకునే పిలిచుంటుందమ్మా."