బ్లీచింగ్ ఆవిడ

డాక్టరుగారి కొత్త నల్ల ప్యాంటు మీద తెల్ల మచ్చలు పడ్డాయి.

కుక్కల ఆసుపత్రి వరండా కడుగుతున్న ఆవిడ కంగారుగా బకెట్ పక్కన పెట్టింది.

"చూసుకోలేదండీ, క్షమించండి."

"అసలు మిమ్మల్ని ఎవరు కడగమన్నారు?"

"మీరే కదండీ..."

"నేనా? బాగుంది వరస! ప్యాంటు పాడుచేసి పైగా నా మీదికే తోస్తున్నారా?"

ఆవిడ మళ్లీ చీపురు అందుకుంది.

లోపల్నుంచి కాంపౌండరు వచ్చాడు.

"చాన్నాళ్లుగా ఇదే తంతు సార్. పొద్దున్నే వచ్చి బ్లీచింగ్ నీళ్లు కుమ్మరిస్తుంది. నేను నిమ్మకాయ వాసనొచ్చే ఫినాయిల్‌తో తుడుస్తానా, దాని మీద ఈ కంపు. కుక్కలు తుమ్ముతున్నాయి. వాటిని తెచ్చినవాళ్లు ఇంకా ఎక్కువ తుమ్ముతున్నారు."

డాక్టరు ఆవిడ వైపు తిరిగాడు.

"మీ కుక్క ఏదమ్మా?"

"ఇప్పుడు లేదండీ."

"కుక్క లేనివాళ్లకి ఇక్కడేం పని?"

ఆవిడ బెంచీ కింది మూల వైపు చూసింది.

"ఆ మూల ఒక్కటీ కడిగేసి వెళ్తాను."

"అక్కర్లేదు. రేపట్నుంచి రాకండి."

ఆవిడ బకెట్ తీసుకుని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

డాక్టరు చెడ్డవాడేం కాదు. చెయ్యి మంచిదని పేరు. కాకపోతే ఆయన చూపు కుక్క నాలుక, కనురెప్పలు, పొట్ట దాటి పైకి లేవదు. సొంత బావమరిది కుక్కని తీసుకొస్తే, "ఎక్కణ్ణుంచి వచ్చారండీ?" అని అడిగిన ఘనుడు.

అసలు ఆ ఆసుపత్రిలో మనుషులకి సొంత పేర్లు లేవు. అందరూ రాకీ వాళ్ల అమ్మ, టైగర్ వాళ్ల నాన్న. పక్కన కుక్క లేకపోతే ఎవరూ ఎవరి కంటికీ ఆనరు.

నెల తిరక్కుండానే కుక్కల్లో పార్వో అనే జబ్బు మొదలైంది. వాంతులు, నెత్తురు విరేచనాలు. కుక్కపిల్లకి పట్టుకుంటే బతకడం కష్టం.

మొదటి టీకాకి గెంతుతూ వచ్చిన పిల్లలే, వారం తిరిగేసరికి మెడ వాల్చేసి మళ్లీ వస్తున్నాయి.

"ఊళ్లోకి కొత్త రకం వైరస్ దిగినట్టుంది. టీకాకి లొంగడం లేదు," అన్నాడు డాక్టరు.

ఏ రకమో తేల్చమని శాంపిళ్లు ల్యాబుకి పంపాడు.

ఈలోగా డాక్టరు కూతురు పెంచుకుంటున్న కుక్కపిల్ల బొద్దు తిండి మానేసింది. అది రోజూ డాక్టరుతో పాటు ఆసుపత్రికి వచ్చి, వరండా బెంచీ కింద పడుకునే పిల్ల.

"నువ్వు డాక్టరువి కదా నాన్నా, బొద్దుకి తగ్గిపోతుంది కదా?"

"తగ్గిపోతుంది తల్లీ."

సెలైన్ పెట్టాడు. పక్కనుంచి కదల్లేదు. అయినా బొద్దు దక్కలేదు.

కూతుర్ని పట్టుకుని డాక్టరు వెక్కి వెక్కి ఏడ్చాడు. ఎన్ని కుక్కపిల్లలు పోయినా, ఇంత దుఃఖం ఎప్పుడూ రాలేదు.

మర్నాడు ల్యాబు మేడమ్ ఫోన్ చేసింది.

"కొత్త రకమే డాక్టరుగారూ. కానీ ఊళ్లో లేదు. మిగతా ఆసుపత్రుల శాంపిళ్లలో ఎక్కడా కనపడలేదు. మీరు పంపినవాటిలో మాత్రం అన్నిట్లోనూ ఇదే."

"అదెలా మేడమ్? ఒక్కోటి ఒక్కో వీధిది. ఒకదాని మొహం ఒకటి చూడలేదు."

"అన్నీ వచ్చింది ఒక్కచోటికేగా. మీ వరండాకి."

డాక్టరు తలుపులోంచి వరండా వైపు చూశాడు.

"రోజూ ఫినాయిల్‌తో తుడిపిస్తూనే ఉన్నామండీ."

"ఫినాయిల్‌కి పార్వో చస్తుందా? బ్లీచింగ్ పడితే తప్ప నెలల తరబడి నేల మీదే బతికుంటుందని నేను మీకు చెప్పాలా?"

చెప్పక్కర్లేదు. ఆ మాట ఆయనే ఊరందరికీ చెబుతాడు. సొంత వరండా మాత్రం కాంపౌండరుకి వదిలేశాడు.

"ఇంకో సంగతి," అంది మేడమ్. "ఈ రకం మొదట దొరికింది చాన్నాళ్ల కిందట మీరు పంపిన శాంపిల్లోనే. చుక్క అని, నల్ల పిల్ల. దాని తర్వాత మీ దగ్గర ఒక్క కేసూ లేదు. ఇప్పుడు ఒక్కసారిగా ఇన్ని. మధ్యలో అన్నాళ్లు ఎలా ఆపారండీ?"

డాక్టరు ఫోన్ పెట్టేశాడు.

చుక్క బాగా గుర్తుంది. నుదుటి మీద తెల్ల మచ్చ. లోపలికి తీసుకొచ్చేలోపే, బెంచీ కింది మూలలో నెత్తురు కక్కి చచ్చిపోయింది. చేతి తొడుగులు తీసుకుంటూ, తలెత్తకుండా తనన్న మాటలూ గుర్తున్నాయి.

"అది పడ్డ ప్రతిచోటా బ్లీచింగ్‌తో కడగండి. రోజూ కడగండి. లేకపోతే ఇంకోళ్ల పిల్ల పోతుంది."

ఆ మాటలు విన్న మొహమే ఎంత తన్నుకున్నా గుర్తుకు రాలేదు.

కాంపౌండర్ని పిలిచాడు.

"ఆ బ్లీచింగ్ ఆవిడ ఇల్లు తెలుసా?"

"వెనక వీధిలోనే ఉండేది సార్. ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయిందట. ఎక్కడికో ఎవరికీ తెలీదు."

డాక్టరు లేచి వరండాలోకి వచ్చాడు. బెంచీ పక్కకి జరిపి, ఆ మూల ముందు నిలబడ్డాడు.

"ఇంతకీ ఎవరు సార్ ఆవిడ?" అన్నాడు కాంపౌండరు.

"చుక్క వాళ్ల అమ్మ," అన్నాడు డాక్టరు.