కుడి రెక్క

"ఇదేంటి బాబాయ్, రెండు రెక్కలూ ఒక్క కొలతలో లేవు!"

ముసలి మెకానిక్ తలెత్తలేదు. చిన్న కుంచెను గుడ్డకు తుడుస్తూ కూర్చున్నాడు. బల్ల మీద పాత దినపత్రిక పరిచి ఉంది. దాని మీద అరమూర పొడవున్న తెల్ల బొమ్మ విమానం, రంగు ఆరి నిగనిగలాడుతోంది.

ఆమె దర్జీ. చొక్కా చేతులు అరంగుళం అటూ ఇటూ అయితే వీధి అవతల నుంచే పట్టేసే కళ్ళు. మెడలో వేలాడుతున్న టేపు లాగి ఎడమ రెక్క మీద పెట్టింది. తర్వాత కుడి రెక్క మీద పెట్టింది. మళ్ళీ ఎడమ దాని మీద పెట్టింది.

"కుడిది నాలుగు మిల్లీమీటర్లు పొట్టి."

"అవును."

"అవునా? తెలిసే చేశావా? నాలుగు మిల్లీమీటర్లంటే అసలు విమానంలో ఎంతో తెలుసా?"

"జానెడు," అన్నాడు మెకానిక్.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఆరు నెలలుగా ప్రతి ఆదివారం కొట్టు కట్టేసి వచ్చి ఈ బల్ల పక్కనే కూర్చుంది. నాన్న నడిపిన విమానం ఆఖరి రోజున ఎలా ఉందో అచ్చం అలాగే కావాలని అడిగింది. మెకానిక్ సరేనన్నాడు. ముక్కలు అతికించి బొమ్మ విమానం చేసుకునే కిట్లు తెప్పించాడు గానీ, ఏ కిట్టూ ఆయనకు ఒక పట్టాన నచ్చలేదు. ఒక డబ్బాలోని విమానానికి ముక్కు బాగుంది గానీ తోక లావు. ఇంకో దానికి తోక కుదిరింది, కిటికీలు తప్పు. చివరకు మూడు కిట్లు ముందేసుకుని, కోసి, అరగదీసి, అతుకులు కనబడకుండా లప్పం పెట్టి ఒక్క విమానం చేశాడు. ఇంజను కింద నూనె మరక దిద్దాడు. తలుపు పక్కన సొట్ట పెట్టాడు. పైలట్ సీటు అంచున చిరుగును సూది మొనతో గీశాడు. అంత చేసిన మనిషి, ఆఖరున ఈ వారం బిగించిన రెక్కల దగ్గర ఇలా చేస్తాడా!

"పదిన్నరకు ఫ్లయింగ్ క్లబ్బు వాళ్ళ జీపు వస్తుంది," అంది. గొంతు పెరిగింది. "నాన్న ఫోటో గోడకెక్కించడానికి నాలుగేళ్ళు వాళ్ళ గుమ్మం చుట్టూ తిరిగాను. బొగ్గయిపోయిన విమానాన్ని చూసి తప్పంతా పైలట్‌దేనని రాసి చేతులు దులుపుకున్నారు వాళ్ళు. ఇప్పుడా ఫోటో కింద అద్దాల పెట్టెలో ఈ వంకర బొమ్మ పెడితే ఏమనుకుంటారు? తండ్రికి తోలడం రాదు, కూతురికి చూడటం రాదు అనుకోరూ?"

"వంకరేం లేదమ్మాయ్."

"ఈ తేడాతో చొక్కా కుడితే వేసుకునేవాడు తెచ్చి నా మొహాన కొడతాడు! కళ్ళు కనబడకపోతే చెప్పాలి బాబాయ్. చేతులు వణుకుతుంటే చెప్పాలి. వేరే వాళ్ళ దగ్గర చేయించుకునేదాన్ని."

"కళ్ళు బాగానే ఉన్నాయి."

"మరి ఇదెక్కడిది?"

మెకానిక్ బల్ల కిందికి వంగి అట్టపెట్టె ఒకటి తీశాడు. మూత మీద ఇలాంటి విమానమే ఉంది, కాకపోతే రెక్కలు కాస్త పొట్టివి. "పాత రకం విమానం కిట్టులోది."

ఆమె పెట్టె లాక్కుని గోడకేసి కొట్టింది. లోపలి ప్లాస్టిక్ ముక్కలు నేలంతా చిందాయి.

"పాత రకం రెక్క తెచ్చి కొత్త విమానానికి తగిలిస్తావా? బుద్ధున్న వాడెవడైనా చేసే పనేనా ఇది?"

మెకానిక్ వంగి, ముక్కలు ఒక్కొక్కటీ ఏరుకోవడం మొదలుపెట్టాడు. నోట్లో నాలుక లేనట్టున్న ఆ తీరు చూసి ఆమె కోపం రెట్టింపయింది.

"నువ్వూ వాళ్ళ మనిషివే! విమానంలో ఏ లోపమూ లేదని ఆ రోజు అది ఎగిరే ముందు సంతకం పెట్టింది నువ్వే కదూ?"

"నేనే."

"అయినా ఇంతకాలం నిన్ను బాబాయ్ అనే పిలిచాను. నువ్వు మాత్రం ఏం చేస్తావులే, ఉన్నదున్నట్టే రాసి ఉంటావులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. బతికున్నప్పుడు నాన్న నిన్ను తమ్ముడూ తమ్ముడూ అనేవాడు. ఆయన కోసం ఒక్క బొమ్మ, ఒక్కటంటే ఒక్క బొమ్మ సరిగ్గా చెయ్యడానికి నీకు చేతులు రాలేదా?"

బయట హారన్ మోగింది. కిటికీలోంచి చూస్తే గేటు ముందు జీపు ఆగి ఉంది. డ్రైవరు దిగి, అద్దాల పెట్టెను తలుపు దగ్గరకు తెస్తున్నాడు.

ఆమె బల్ల మీది బ్లేడు అందుకుంది.

"పక్కకు జరుగు. నేనే పీకేస్తాను. ఎడమ రెక్క తీసిన డబ్బాలో దాని జోడు మిగిలి ఉంటుందిగా, తియ్యి. రంగు ఆరకపోయినా పర్లేదు, నా ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్తాను."

బ్లేడు మొన రెక్క మొదట్లో అతుకు మీద ఆనింది. అప్పుడు లేచాడు మెకానిక్. ఏరిన ముక్కలు చేతిలోంచి మళ్ళీ నేలపాలయ్యాయి. ఆమె మణికట్టు పట్టుకున్నాడు. వణుకు లేదు ఆ చేతిలో.

"పీకకమ్మా. ఇలాగే తీసుకెళ్ళు. వాళ్ళ ముందు పెట్టి, నీ టేపుతో కొలిచి చూపించు."

"ఏం చూపించమంటావ్? నీ తప్పా?"

"ఊఁ. స్టోరులో కొత్త రకంది లేకపోతే, మీ నాన్నకు చెప్పకుండా ఆ రోజు ఆయన విమానానికి నేను బిగించింది ఈ పాత రకం రెక్కే."