ఎనిమిదో ఫైలు

ఝాన్సీ బల్ల మీది ఫైళ్లు మళ్లీ లెక్కపెట్టింది.

ఏడు. ఆయాలు మాత్రం ఎనిమిది మంది.

రేపు పదింటికి తనిఖీ. ఇళ్లకు ఆయాలను పంపే ఏజెన్సీలకు లైసెన్సు ఉండాలనీ, పనిచేసే ప్రతి మనిషికీ ఆధార్, శిక్షణ పత్రం, పోలీసు వెరిఫికేషన్ చూపించాలనీ నోటీసు వచ్చి రెండు నెలలైంది. ఒక్క కాగితం తగ్గినా, సాలూరులో నాలుగేళ్లుగా కిందామీదా పడి నిలబెట్టిన ఏజెన్సీకి తాళమే.

ఎదురుగా కుర్చీ అంచున తవిటమ్మ కూర్చుని ఉంది. అరవై దాటిన మనిషి. పనిలో చేరి మూడు నెలలు.

"ఆధార్ తెచ్చావా పెద్దమ్మా?"

"నేదమ్మా."

"అడిగినప్పుడల్లా అదే మాట. పోయిందా, ఉందా?"

"ఉన్నాది. ఇవ్వలేను."

ఝాన్సీ చేతిలో పెన్ను ఆగిపోయింది. "ఎందుకని?"

"అడక్కమ్మా. నా పనిలో ఏటైనా తప్పుంటే సెప్పు."

పనిలో తప్పు లేదు. ఝాన్సీకి ఎటూ తోచనిది అందుకే.

లారీల ఓనరు జగన్నాధం పక్షవాతంతో మంచాన పడి ఆరు నెలలైంది. నోట మాట లేదు, కుడి చెయ్యి లేవదు. ముగ్గురు ఆయాలు మారారు. ఎవరు పెట్టినా ముద్ద ఉమ్మేసేవాడు. తవిటమ్మ వెళ్లిన మొదటి పూటే రాగిపిండితో కాచిన చోడి అంబలి గిన్నెడు తాగాడు. నెల తిరిగేసరికి వీపు మీద పుండ్లు కూడా మానాయి. ఆమె రాత్రింబవళ్లు ఆ ఇంట్లోనే ఉండేది.

ఫోను మోగింది. జగన్నాధం కొడుకు త్రినాథ్.

"మేడం, ఆ ముసలామె ఎవరో మీకు నిజంగా తెలుసా? నిన్న మా నాన్న బీరువా తీసి నిలబడింది. ఏటని అడిగితే పంచె కోసం అన్నాది. పోలీసు వెరిఫికేషన్ సేయించారా, నేదా?"

"ఆవిడ కాగితాలు ఇంకా..."

"కాయితాల్లేని మనిషిని మా ఇంటికి పంపుతారా? రేపు తనిఖీకి వచ్చినాయనకే సెప్తాను."

ఝాన్సీ ఫోను పెట్టి తవిటమ్మ వైపు తిరిగింది.

"నీ మీద కేసులేమైనా ఉన్నాయా?"

"నేవమ్మా."

"మరి దేనికి భయం?"

ఝాన్సీ ఏడు ఫైళ్లూ దగ్గరకు లాక్కుంది.

"నీ ఒక్కదాని కోసం ఏడుగురి పొట్ట కొట్టలేను. ఇవాళ్టితో మానెయ్యి."

తవిటమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నా సంచీ అక్కడుండిపోనాది. ఒక్కసారి ఎల్లొస్తానమ్మా."

"వద్దు. నేనే తెప్పిస్తాను."

గంటలో సంచి వచ్చింది. తవిటమ్మ దాన్ని చంకన పెట్టుకుని గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"అంబలి గోరెచ్చగా ఉండాల. ఎడం దవడకేసి పెట్టమను. కుడేపు పెడితే పొలమారతాది."

"చెప్తాలే."

తవిటమ్మ సంచి సర్దుకుని బస్టాండు వైపు నడిచింది.

ఝాన్సీ త్రినాథ్‌కు ఫోను చేసి ఆమెను తీసేశాననీ, ఇంకో ఆయాను పంపుతాననీ చెప్పింది. అతను శాంతించాడు.

మర్నాడు ఆఫీసరు ఫైళ్లన్నీ ఒక్కొక్క కాగితం తిరగేసి చూశాడు. హాజరు పట్టీలో ఎనిమిదో పేరు దగ్గర వేలు ఆపాడు.

"ఈవిడ ఫైలేదీ?"

"తీసేశాను సార్. కాగితాలు ఇవ్వలేదు."

"మంచి పని చేశారు. లైసెన్సుకు రాస్తాను."

నోటీసు వచ్చాక మొదటిసారి ఝాన్సీ కడుపునిండా అన్నం తింది.

సాయంత్రం త్రినాథ్ ఫోను. "కొత్తామె పెడితే ఉమ్మేస్తన్నాడు మేడం."

రెండో రోజు జగన్నాధం మంచినీళ్లు కూడా ముట్టలేదు. డాక్టరు ముక్కులోంచి గొట్టం వేస్తే ఎడం చేత్తో లాగేశాడు. చూపు మాత్రం గుమ్మం మీదే.

మూడో రోజు త్రినాథే ఏజెన్సీకి వచ్చాడు. నిద్రలేక కళ్లు గుంటలు పడ్డాయి.

"బీరువాలో గుండుసూది కూడా పోలేదు మేడం. తప్పు నాది. ఆవిణ్ని పంపండి. కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంతాను."

ఝాన్సీ ఫోను చేసింది. స్విచాఫ్.

"ఏ ఊరు మేడం ఆవిడిది?"

ఝాన్సీ బల్ల మీది ఏడు ఫైళ్ల వైపు చూసింది. ఊరు రాసి ఉన్న కాగితమే కదా తన దగ్గర లేనిది.

ఆ పూటే స్టేషనుకు పరుగెత్తి, కానిస్టేబుల్ హరిబాబు చేతిలో తవిటమ్మ ఫోటో, ఫోను నంబరు పెట్టింది.

"వెరిఫికేషన్‌కా మేడం?"

"ఏదో ఒకటి అనుకోండి. మనిషి కావాలి. తొందరగా."

ఐదో రోజు తెల్లారేసరికి జగన్నాధం పోయాడు.

ఆ ఇంటి వాకిట్లో జనం మధ్య ఝాన్సీ నిలబడి ఉండగా హరిబాబు ఫోను చేశాడు. ఆమె గోడ పక్కకు జరిగింది.

"కోటబొమ్మాళి నుంచి మాటాడతన్నాను మేడం. మనిషి దొరికింది. కానీ ఆవిడ పేరు తవిటమ్మ కాదు."

"కేసులున్నాయా?"

"ఒక్కటీ నేదు. అసలు పేరు పైడమ్మ. మొగుడు పోయి పదేళ్లయింది. పుట్టిల్లు మన సాలూరే. ఇంట్లో ఇష్టం నేని మనువాడిందని, నలభై ఏళ్ల కిందట అన్న గుమ్మం తొక్కొద్దన్నాడంట."

"ఎవరా అన్న?"

"మన ఊళ్లో లారీల జగన్నాధం గారున్నారు కదా మేడం, ఆయనే. ఆయనకి తోడబుట్టిన సెల్లెలు ఈవిడ."