సిగ్నల్ పట్టిన మనిషి

అనురాధ డబుల్ క్లిక్ చేసింది.

తెర మీద ఎర్ర గుర్తుతో చిన్న పెట్టె వచ్చింది. ఈ ప్రోగ్రాం ఈ కంప్యూటర్‌లో నడవదని అందులో ఉంది.

మళ్లీ క్లిక్ చేసింది. మళ్లీ అదే పెట్టె.

"ఏమైంది?" తలుపు దగ్గర నుంచి కనుకయ్య సేటు అరిచాడు. ప్లైవుడ్ గోడకు అవతల మగ్గాలు నడుస్తున్నాయి. మగ్గాల పేట కనేరిలో అరవకపోతే మాట వినపడదు.

"జర ఆగుండ్రి సేట్. ఇంట్ల మంచిగనే నడిచింది."

"ఇంట్ల నడిస్తే నాకేంది? నా ప్రింటర్ ఈడ ఉంది."

నిజమే. నేసిన గుడ్డను మడిచి కట్టిన ప్రతి తాకా మీద ఒక లేబుల్ అంటించాలి. లేబుల్ ఆ ప్రింటర్‌లోనే రావాలి. ఆ ప్రింటర్ ఈ పాత కంప్యూటర్ మాట తప్ప ఇంకెవరి మాటా వినదు.

"మూడింటికి లైట్ పోతది. ఆలోపల నడిపిస్తే రేపటి నుంచి పనికి రా. లేకుంటే మీ అమ్మ వెంకవ్వ ఎంట నూలు కండెలు చుట్టుకో."

సేటు మగ్గాల వైపు వెళ్లిపోయాడు.

పైథాన్‌లో రాసిన ప్రోగ్రాం అది. పైథాన్ లేని కంప్యూటర్‌లో కూడా నడిచేలా ఒకే ఫైల్‌గా కట్టి, పెన్ డ్రైవ్‌లో తెచ్చింది. కానీ కట్టింది తన లాప్‌టాప్ మీద. అందులో ఉన్నది కొత్త విండోస్. అక్కడ కట్టిన ఫైల్ ఇంత పాత విండోస్‌లో తెరుచుకోదన్న సంగతి ఆమెకు తట్టలేదు.

ఇప్పుడు పాత పైథాన్ దించుకోవాలి. ఈ కంప్యూటర్ మీదే ఫైల్ మళ్లీ కట్టాలి.

ఫోన్ తీసింది. సిగ్నల్ లేదు.

"రేకుల షెడ్డు బిడ్డా. నీది పట్టది."

కిటికీ పక్కన స్టూలు మీద కూర్చున్న పెద్దాయన అన్నాడు. ఆమె వచ్చినప్పటి నుంచీ ఆయన తెర వైపే చూస్తున్నాడు.

"నాది పడుతది. గది గూడ చెయ్యి బయట పెడితేనే."

ఆయన లేచి, ఫోన్ పట్టుకున్న చేతిని కిటికీ ఊచల మధ్య నుంచి బయటికి చాపాడు. అనురాధ సంచిలోంచి తీసిన లాప్‌టాప్‌కు ఆ ఫోన్ నుంచి నెట్ అందింది. పాత పైథాన్ మెల్లగా దిగసాగింది.

"మీకేం పని లేదా కాకా?"

"ఇయ్యాల లేదు."

చెయ్యి గుంజిందేమో, ఫోన్ రెండో చేతికి మార్చుకున్నాడు. డౌన్‌లోడ్ ఆగిపోయింది.

"కాకా! కదలకుండ్రి!"

"తప్పైంది బిడ్డా, తప్పైంది." మళ్లీ చెయ్యి చాపాడు. ఈసారి గోడకు ఆనుకుని, బొమ్మలా నిలబడ్డాడు.

గడియారం రెండు దాటింది. అనురాధ గోళ్లు కొరుక్కుంటోంది.

"గిది నడిస్తే లేబుల్ దానంతటదే వస్తదా?" ఆయన అడిగాడు.

"మీటర్లు కొడితే చాలు. తప్పు రాదు." కంగారులో ఆమె నోరు ఆగలేదు. "ఇన్ని రోజులు చేత్తోని రాసినాయన ఎవరో గని, ఎనిమిది ఉన్నకాడ మూడు రాసిండట. మాలంత వాపస్ వచ్చిందట. కండ్లు కనవడ్తలేవా ఏంది ఆయనకు?"

పెద్దాయన నవ్వాడు.

"కనవడ్తలేవు గావొచ్చు. నువ్వు నీ పని చూసుకో, టైం అయితంది."

దిగినవన్నీ పెన్ డ్రైవ్‌లోకి, అక్కడి నుంచి పాత కంప్యూటర్‌లోకి ఎక్కించింది. ఫైల్ కట్టమని ఆజ్ఞ ఇచ్చింది. నల్లటి తెర మీద అక్షరాలు బారులు బారులుగా పైకి పోతున్నాయి. ఎక్కడ ఎర్ర అక్షరం వస్తుందోనని ఆమె ఊపిరి బిగబట్టి చూసింది.

రాలేదు.

సేటు మళ్లీ వచ్చాడు. అనురాధ కొత్త ఫైల్ మీద డబుల్ క్లిక్ చేసింది. తెర మీద నల్లటి పెట్టె ఒకటి తెరుచుకుని అలాగే ఉండిపోయింది.

"ఆగిపాయె!" సేటు మౌస్ అందుకోబోయాడు.

"ముట్టకుండ్రి సేట్! లోపల కట్టిందంత ఇప్పుకోనీకె టైం పడుతది."

"ఓపిక పట్టు సేట్," పెద్దాయన వెనక నుంచి అన్నాడు. "పిల్ల చెప్తుంది గద."

ప్రోగ్రాం తెరుచుకుంది. ప్రింటర్ కిర్రుమంది. లేబుల్ బయటికి వచ్చింది.

సేటు దాన్ని వెలుగులో పెట్టి చూశాడు. ఇంకోటి తీయమన్నాడు. ఇంకోటి. ఇంకోటి.

"శభాష్! రేపు పొద్దున వచ్చి కుర్చీల కూసో."

అంతలోనే లైట్ పోయింది. మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

అనురాధ నవ్వుతూ వెనక్కి తిరిగింది. కిటికీ దగ్గర ఎవరూ లేరు.

"ఆ కాకా ఏడి సేట్? నెట్ ఇచ్చిండు. ఆయనకు నేను ఒక్క మాట గూడ చెప్పకపోతి."

"హనుమాండ్లా? ఊరి బస్సుకు పోయిండు. ఇగ రాడు."

"ఎందుకు?"

"వచ్చి ఏం జేస్తడు? ఇన్నేండ్లు లేబుళ్లు రాసింది ఆయనే గద."

అనురాధ చేతిలోని లేబుల్ నలిగింది.

"నా కోసం ఆయనను తీసేసిండ్రా సేట్?"

మగ్గాలు ఆగిన షెడ్డులో ఆమె గొంతు ఆమెకే పెద్దగా వినిపించింది.

"నేనేడ తీసేసిన?" సేటు ముఖం తిప్పుకున్నాడు. "ఉండుమనే అన్న. 'నా కండ్లు పోయినయ్ సేట్, వెంకవ్వ బిడ్డ కంప్యూటర్ నేర్చి ఇంట్ల కండెలు చుడుతుంది, నా కుర్చీ ఆ పిల్లకియ్యి' అని రోజూ నా ఎంట పడ్డది ఆయనే."