అమ్మమ్మ అద్దాలు తీసిందంటే

"నాలుగో మెట్టు మీదే ఆగిపోయావేం?" కిందనుంచి మామయ్య అడిగాడు.

"ఆగలేదు. ఊపిరి తీసుకుంటున్నా," అంది మనవరాలు, రెండు చేతులతో నిచ్చెనను కావలించుకుని.

"ఊపిరి కింద కూడా దొరుకుతుంది. దిగి తీసుకో."

"నువ్వు కాసేపు ఊరుకో అన్నయ్యా," అంది నిచ్చెన పట్టుకున్న అమ్మ.

తలెత్తి చూస్తే రెండో అంతస్తు గోడ మీద, మనిషంత అక్షరాలతో 'కళ్ళద్దా' అని ఉంది. అమ్మమ్మ అక్కడిదాకా రాసి, మిగిలిన అక్షరం రేపు చూద్దామని ఇంటికొచ్చి జ్వరంతో పడుకుంది. మళ్ళీ లేవలేదు. జీవితమంతా ఎత్తులెక్కి బోర్డులు రాసిన మనిషి చివరికి మంచం మీద పోయింది.

కళ్ళద్దాల కొత్త షాపు రేపు తెరవాలి. యజమాని మంచివాడు కాబట్టి ఇన్నాళ్ళు ఆగాడు. ఆ ఒక్క 'లు' ఇవాళ పడకపోతే, అమ్మమ్మ రాసిందంతా కనబడకుండా పైన ప్లాస్టిక్ బోర్డు బిగించేస్తారు. ఆమె చేతి వంపు వేరే పెయింటర్లెవరికీ పట్టుబడలేదు. నేల మీద పక్కన కూర్చోబెట్టుకుని ఆమె నేర్పింది మనవరాలికే. నేల మీద ఆ పిల్ల చెయ్యి అచ్చం అమ్మమ్మ చెయ్యే. ఎత్తెక్కితే మాత్రం ఆ చెయ్యి నిచ్చెనను వదలదు.

మనవరాలు దిగొచ్చి షాపు మెట్ల మీద కూలబడింది. షాపాయన మంచినీళ్ళు తెచ్చిచ్చి, ముక్కు మీదికి జారిపోతున్న ఆమె కళ్ళద్దాలు తీసుకుని మర బిగించి ఇచ్చాడు.

"మీ అమ్మమ్మకీ నీకూ నెంబరు ఒకటే తల్లీ. ఆవిడ అద్దాలు నేనే చేశాను కదా. అద్దాల్లేకుండా చేతికందేంత దూరంలో అయితే చీమ కాలు కూడా కనబడుతుంది. వీధి అవతల ఏనుగున్నా కనబడదు."

"కళ్ళు ఇచ్చింది గానీ గుండె ఇవ్వడం మర్చిపోయింది," అన్నాడు మామయ్య. "భయం మా ఇంటి గడప తొక్కిందే ఈ కుందేలు పుట్టాక."

"నీ మోకాళ్ళ నొప్పి కూడా అప్పుడే వచ్చిందిలే, బోర్డు ఎక్కమంటే," అంది అమ్మ.

షాపాయన నవ్వాడు. "ఆవిడకి నోరు కూడా ఎక్కువేగా. నా గోడకి సున్నం సరిగ్గా వేయలేదని నన్నే నిలబెట్టి అడిగింది."

"మీరు నయం. కరెంటాఫీసులో పెద్దాయన బయటికి పొమ్మన్నాడు," అన్నాడు మామయ్య. "నేను చిన్నవాణ్ణి. అమ్మ కళ్ళద్దాలు తీసి నా చేతికిచ్చింది. ఇక చూస్కోండి, ఉతికి ఆరేసింది. ఆఖరికి ఆయనే కుర్చీ వేయించాడు. అమ్మ అద్దాలు తీసిందంటే ఎవరికో మూడిందని లెక్క."

"మా స్కూల్లోనూ అంతే," అంది అమ్మ. "హాలు నిండా జనం. అద్దాలు నా ఒళ్ళో పడేసి వేదిక ఎక్కింది. ఆడపిల్లలకి మరుగుదొడ్డి కట్టకుండా ఈ పూలదండలేంటని మైకులో అడిగేసింది. నేను సిగ్గుతో బెంచీ కింద దూరాను. సెలవులయ్యేసరికి దొడ్డి కట్టారు."

"తాళ్ళ వంతెన మీద కూడా..." అంది మనవరాలు. "కింద లోయ. పడుచువాళ్ళే వెనక్కి తిరిగిపోతున్నారు. 'ఇవి పట్టుకోవే' అని నాకిచ్చి, పాట పాడుకుంటూ వెళ్ళిపోయింది. నేను ఇవతలే ఏడుస్తూ నిలబడ్డా."

"ఎందుకు తీస్తావమ్మా అంటే, 'పగిలితే మీ నాన్న కొంటాడా' అనేది. పాపం, ఆ మనిషి ఏ రోజూ కొననని అనలేదు. అనే ధైర్యం ఎక్కడిది?" అన్నాడు మామయ్య.

అందరూ నవ్వారు. మనవరాలు నవ్వలేదు.

"ఆవిడ వేరు మామయ్యా. నాకు ఆ గుండె రాలేదు. రాని దాన్ని ఎక్కడి నుంచి తెచ్చుకోను?"

షాపాయన మెల్లగా ఫోన్ తీశాడు. "పోనీలే తల్లీ. ప్లాస్టిక్ బోర్డు అబ్బాయిని రమ్మంటాను. నీ తప్పేం లేదు."

ఆమె గోడ మీది అక్షరాల వంక చూసింది. చేతిలో అమ్మమ్మ కుంచె ఉంది. పిడి మీద ఆమె బొటనవేలు అరగదీసిన గుంటలో తన వేలు సరిగ్గా ఇమిడింది.

"ఇంకొక్కసారి ఎక్కుతానండీ. ఆ తర్వాత పిలవండి."

గుండె ఎలాగూ లేదు, కనీసం పద్ధతైనా పాటిద్దామనుకుంది. కళ్ళద్దాలు తీసి అమ్మ చేతిలో పెట్టింది.

"ఇవి పట్టుకో. పగిలితే నాన్న కొంటాడా?"

అమ్మ నవ్వబోయింది. ఆగి, అద్దాలను కొంగులో చుట్టి పట్టుకుంది.

మనవరాలు గోడకేసి చూస్తూ, మెట్టు మెట్టూ తడుముకుంటూ ఎక్కింది. పైన అడ్డంగా కట్టిన చెక్క పలక మీద కూర్చుంది. ఎదురుగా అమ్మమ్మ రాసిన 'ద్దా' చెయ్యి చాపితే అందేంత దగ్గరలో ఉంది. రంగులో అతుక్కుపోయిన కుంచె వెంట్రుక కూడా స్పష్టంగా కనబడుతోంది. రంగులో కుంచె ముంచి, 'లు' మొదలుపెట్టింది.

సగంలో, అలవాటు కొద్దీ, కిందికి చూసింది.

కళ్ళు తిరుగుతాయని ఖాళీ చేత్తో పలక అంచు పట్టుకుంది. తిరగలేదు. కింద వీధి లేదు. లోతు లేదు. అమ్మ ఉండాల్సిన చోట ఒక నీలం మరక, మామయ్య చోట ఒక తెల్ల మరక. అంతా మెత్తటి మంచు.

ఆమె చాలాసేపు అలాగే చూసింది. కరెంటాఫీసు పెద్దాయన మొహం, హాలు నిండా జనం, తాళ్ళ కింద లోయ, ఒక్కొక్కటీ ఆ మంచులో కరిగిపోయాయి. తర్వాత గోడవైపు తిరిగి, అక్షరం చివరి వంపును చెయ్యి ఎత్తకుండా ఒక్క లాగుడులో ముగించింది.

"చూశారా," కింద తెల్ల మరక షాపాయనతో గర్వంగా అంటోంది, "అచ్చం మా అమ్మే. ఆవిడకీ ఇంతే, భయమన్నదే తెలీదు."

పైనుంచి నవ్వు వినిపించింది. నవ్వులో ఏడుపు కూడా ఉంది.

"ఏంటే కుందేలూ, ఏమైంది?"

ఆరని రంగు పక్కన చెయ్యి ఆనించి, మనవరాలు అమ్మమ్మ అక్షరాలకు మాత్రమే వినబడేలా అంది.

"నీకూ భయమే కదూ అమ్మమ్మా."