ముందు పక్కోడి గంప

"తుడిచెయ్ వరుణ్. ఆ పాత గేమ్ ఒక్కటే సగం జాగా తింటాండాది," అన్నాడు బెన్నీ.

"ఎవురు తుడిచేది? నన్ను దాటుకోని తుడవండి సూద్దాం!"

జాస్మిన్ కుర్చీ లాక్కుని ఆ కంప్యూటర్‌కు అడ్డంగా కూర్చుంది.

మదనపల్లెలో, పుంగనూరు రోడ్డు మీద బెన్నీ గేమింగ్ సెంటర్. ఆ రోజే కొత్త కంప్యూటర్లు దిగాయి. లోపల చోటు లేక అట్టపెట్టెలు అరుగు మీదే ఉన్నాయి. పాతవాటిని ఖాళీ చేసిపెట్టడానికి బెన్నీ స్నేహితుడు వరుణ్ వచ్చాడు. అన్నిటికీ సరేనన్న బెన్నీ చెల్లెలు జాస్మిన్ ఈ ఒక్కదాని దగ్గర మాత్రం ససేమిరా అంటోంది.

ఈ ఒక్కదాంట్లో 'సంతకోట' ఉంది మరి!

ఎన్నో ఏళ్ల కిందట బెంగుళూరు కుర్రాళ్లు కొందరు కలిసి చేసిన గేమ్ అది. గుర్రమెక్కి కొండలూ కోటలూ ఇష్టమొచ్చినట్టు తిరగొచ్చు, కత్తులు దూయొచ్చు. జాస్మిన్‌కు అవేవీ పట్టవు. నేరుగా పోయి సంతలో కూర్చుంటుంది.

అక్కడ టమోటాలమ్మే ఒకాయన ఉన్నాడు. పాపం, పేరు కూడా పెట్టలేదు. అతన్ని ఎవరూ ఆడించనక్కర్లేదు, తన పాటికి తను బతుకుతుంటాడు. తెల్లారితే వచ్చి గంపలు దించుతాడు. పక్క కొట్టువాడితో తగువు పడతాడు. పొద్దుగూకితే ఇంటికి పోతాడు. పాతకాలం బొమ్మ కదా, ముఖమంతా పలకలు పలకలుగా ఉంటుంది. కానీ తువ్వాలు దులిపి మబ్బుకేసి చూశాడంటే, అబ్బ, అచ్చం మనిషే!

"మనిషంట, మనిషి!" వరుణ్ నవ్వాడు. "వానొస్తే ఏం చేస్తాడో నువ్వే సెప్పు."

"పట్ట తీసి పక్కాయన గంపల మింద కప్తాడు."

"పొద్దన్నుంచి కొట్లాడినోడి గంపల మింద! తన టమోటాలు తడిసిపోతాంటే! అది బగ్గు తల్లీ. రాసినోడు ఈ గంపకు బదులు ఆ గంప అని రాసినాడు."

"బగ్గూ లేదు, గిగ్గూ లేదు. ఆయప్ప మంచోడు."

"బొమ్మకు మంచేంది?"

"నీకంటే నయం!"

బెన్నీకి నవ్వాగలేదు. వరుణ్‌కు మాత్రం ఎక్కడో కాలింది.

"సరే, పందెం. తన సరుకు తడవనిచ్చి పక్కోడి సరుకు కప్పే మనిషిని మదనపల్లెలో ఒక్కణ్ణి సూపీ. నోరు మూసుకోని పోతాను."

"నేనూ తుడవను," అన్నాడు బెన్నీ.

జాస్మిన్ నోరు తెరిచింది. ఎంత వెతుక్కున్నా ఒక్క పేరూ తట్టలేదు. ఒళ్లు మండిపోయింది.

సరిగ్గా అప్పుడే గాజు తలుపు కొంచెం తెరుచుకుంది.

"అమ్మా..."

ఆ ముసలాయనే. ఈ మధ్య రోజూ వస్తున్నాడు. గాజుకు ముఖం ఆనించి లోపలికి చూస్తుంటాడు, తరిమితే పోతాడు. ఇవాళ చంకలో గంప, అందులో టమోటాలు, వాటి మీద తాడు చుట్టిన నీలం పట్ట.

"తాతా, ఎన్నితూర్లు సెప్పల్ల? గిరాకీ వచ్చే దోవ ఇది. మాకు టమోటాలొద్దు."

"కొనమని కాదమ్మా. ఈ పొద్దే కడసారి. ఆ ఆటలో ఒక్క తూరి..."

"పో తాతా! నేనీడ ఒక మనిషి కోసం కొట్లాడతాండాను!"

తలుపు మూసుకుంది.

"మీ కండ్లతో మీరే సూడండి," అంటూ జాస్మిన్ గేమ్‌లో వాన తెప్పించింది. స్పీకర్లు పూర్తిగా పెంచేసింది. తెర మీద సంత నల్లబడింది. టమోటాలాయన పట్ట పట్టుకుని పక్క కొట్టుకు పరిగెత్తాడు.

"సూడు, సూడు! తాడు ఎట్ల బిగిస్తాండాడో సూడు! బగ్గైతే అంత జాగర్తగా కడతాడా?"

వాన హోరు గదంతా నిండిపోయింది.

"సెవులు పగిలిపోతాండాయి జాస్మిన్, సౌండు తగ్గీ," అన్నాడు వరుణ్.

జాస్మిన్ స్పీకర్లు ఆపేసింది.

వాన ఆగలేదు.



"అయ్యో దేవుడా, నా పెట్టెలు!" బెన్నీ అరిచాడు. ముగ్గురూ తలుపు తోసుకుని బయటపడ్డారు.

రోడ్డు కాలువై పారుతోంది. అరుగు మీది పెట్టెల మీద నీలం పట్ట కప్పి ఉంది. తాడుతో స్తంభానికి బిగించి కట్టి ఉంది. ఒక్క అట్ట కూడా తడవలేదు. మెట్టు కింద ఒక గంప బోర్లా పడి ఉంది, దాంట్లోని టమోటాలు మోరీలోకి కొట్టుకుపోతున్నాయి.

జాస్మిన్ ఎగిరి గంతేసింది.

"సూసినావా వరుణ్! ఉండారు! మదనపల్లెలోనే ఉండారు! ఇంగ మూసుకో నోరు!"

వరుణ్ నిజంగానే నోరు మూసుకున్నాడు.

"తుడవను లేవే," అన్నాడు బెన్నీ, పట్టను తడిమి చూసుకుంటూ.

గెలిచిన ఊపులో జాస్మిన్ పక్కన పూలమ్మే రామక్క వైపు తిరిగింది.

"ఎవురు రామక్కా ఇది కప్పింది? ఆ మనిషికి దండేసి దండం పెట్టల్ల!"

"ఇంగెవురు? వెంకటరమణప్ప. ఇంతకుముందే తరిమితివే, ఆ ముసలాయప్పే."

జాస్మిన్ చేతులు కిందికి దిగాయి.

"యాడుండాడు?"

"కుప్పం బస్సెక్కి పోయె. ఇంగ కూతురింట్లోనే ఉంటాడంట, ఈ పక్కకు రాడంట."

జాస్మిన్ రోడ్డు చివరిదాకా చూసింది. వానలో ఏమీ కనపడలేదు.

"టమోటాలు అమ్మేదానికి కాకుంటే, రోజూ మా వాకిట్లో యాల నిలబడతాండె రామక్కా?"

రామక్క తడిసిన పూలబుట్టను ఒడిలోకి లాక్కుంది.

"ఎప్పుడో పుంగనూరు సంతలో, వానకు ఆయప్ప పక్కోడి గంపలు కప్తాంటే ఎవురో బెంగుళూరు పిల్లోళ్లు సూసి, 'నిన్ను మా ఆటలో పెట్టుకుంటాం అన్నా' అని కెమెరాలో పట్టుకోని పోయినారంట పాపా, ఆ ఆట మీ అంగట్లో ఉండాదని తెలిసి, తన బొమ్మను ఒక్క తూరి సూసుకోని పోదామని వస్తాండె."